రాయదొరువు మొగ లోతుగా తవ్వితే నిలుస్తుందా?

వాకాడు అబ్బాయి:
మాది పులికాట్ ఒడ్డున పల్లె. సరస్సు సముద్రంలో కలిసే దారి, రాయదొరువు మొగ, పూడిపోయి ఎండాకాలం సరస్సులోకి ఉప్పునీళ్లు సరిగ్గా ఎక్కడం లేదు. చేపా రొయ్యా లోపలికి రాక మా వాళ్లు కూలి పనులకు పోతన్నారు. డ్రెడ్జింగ్ చేస్తే చాలంటారు కొందరు. ఎంత తవ్వినా ఇసుక మళ్లీ వస్తదంటారు పెద్దోళ్లు. లోతుగా తవ్వితే నిలబడదా? తెలిసినోళ్లు చెప్పండన్నా.

హార్బర్ సర్వే, రిటైర్డ్:
తమ్ముడూ, మీ పెద్దోళ్ల మాటే నిజానికి దగ్గర. మొగను తెరిచి ఉంచేది పోటుకు ఎక్కి పాటుకు దిగే నీళ్లు. మూసేది తీరం వెంట నడిచే ఇసుక. నైరుతి కాలమంతా అలలు ఏటవాలుగా కొట్టి ఇసుకను ఉత్తరానికి తోస్తాయి. ఈశాన్య రుతుపవనాల్లో కొన్నాళ్లు తిరగబడినా, ఏడాది లెక్కలో ఉత్తరానిదే పైచెయ్యి. పెర్ బ్రూన్ అనే ఇంజనీరు దీనికో కొలత పెట్టాడు: ఒక పోటుకు లోపలికి ఎక్కే నీళ్ల ఘనపరిమాణాన్ని ఏడాదిలో తీరం వెంట నడిచే ఇసుక ఘనపరిమాణంతో భాగిస్తే 150 దాటాలి. 100 లోపు పడితే మొగ నిలవడం కష్టం. మీ దగ్గర పెద్ద పోటే మీటరుకు అటూ ఇటూ. లోపలి కాలువలు పూడితే ఆ కాస్త నీరూ ఎక్కదు. మొగ ఒక్కటే తవ్వితే డబ్బు ఇసుకపాలే.

ఇంకో సంగతి. లోతు తక్కువ మొగల్లో పోటు కాసేపట్లోనే ఉరుకుతూ ఎక్కుతుంది, పాటు నెమ్మదిగా చాలాసేపు దిగుతుంది. నీటి వేగం రెట్టింపైతే అది మోసే ఇసుక సుమారు 8 రెట్లవుతుంది. అందుకే నీళ్లు ఎన్ని వచ్చాయో అన్నీ పోయినా, ఇసుక లోపలే దిగబడుతుంది. పడవ మీద పోయి మొగ లోపలి వైపు గెడ వేసి చూడు. విసనకర్రలా పరుచుకున్న దిన్నె మీద గెడ టక్కున ఆగుతుంది, దిన్నె దాటగానే బురదలో దిగిపోతుంది. కార్తీకంలో వాయుగుండం పట్టి ఏర్లు పొంగితే ఆ వరద కొంత కడిగేస్తుంది. వరద రాని ఏడు మేట ముదురుతుంది.

బరంపురం తెలుగువాణ్ణి:
మా ఒడిశాలోని చిలికా సరస్సులో 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్వారు. సముద్రానికి దారి 18 కిలోమీటర్లు తగ్గింది. లోపలి కాలువ పూడిక కూడా తీశారు. ఉప్పదనం పెరిగి చేపలు తిరిగొచ్చాయి. 1993లో దెబ్బతింటున్న రామ్‌సర్ (అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తించిన) చిత్తడినేలల జాబితాకెక్కిన సరస్సు 2002లో అందులోంచి బయటపడింది. మొగలు మాత్రం కుదురుగా లేవు. 2019లో ఫణి తుపాను ఇంకా కొన్ని తెరిచింది.

వాకాడు అబ్బాయి:
మరి రెండు వైపులా రాళ్ల గోడలు కడితేనో? ఊళ్లో మీటింగుంది, అదే అడుగుదామని.

హార్బర్ సర్వే, రిటైర్డ్:
కట్టొచ్చు. కానీ గోడకు దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన ఊళ్లు కోతకు గురవుతాయి. చెన్నై హార్బర్ కట్టాక మెరీనా వెడల్పైంది, రాయపురం వైపు తీరం కొట్టుకుపోయింది. విశాఖలో పోర్టు దగ్గర ఆగిన ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి ఆర్కే బీచ్ వైపు పోస్తుంటారు. గోడ పొడవు సంగతి తర్వాత. ఆగిన ఇసుకను ఏటా ఉత్తరానికి ఎవరు దాటిస్తారు, ఆ ఖర్చు అంచనాలో ఉందా అని ముందు అడగండి. లోపలి కాలువల తవ్వకం కూడా రాశారో లేదో కాగితం చూసి మరీ అడగండి.