పట్టి విడుటా, విడుచుటా?

మల్లేశ్వరం మజ్జిగ: పొద్దున దర్శినిలో నిలబడి సెట్ దోశ తింటుంటే మా వాడు అడిగాడు, ఈ సెట్టూ లెక్కల్లో సెట్టూ ఒకటేనా అని. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 కూర్పులో ఆ ఒక్క మాటకే దాదాపు 430 అర్థాలున్నాయని గొప్పగా చెప్పాను. ‘మనకి అలాంటిది లేదా?’ అన్నాడు. పట్టు ఉంది కదా అని ‘పట్టుపట్టరాదు’ వేమన పద్యం ఎత్తుకున్నా. రెండు పాదాలు బాగానే వచ్చాయి. ‘పట్టి విడుచుటకన్న’ దగ్గర ఆగిపోయాను. తర్వాతేంటండీ?

గణాల గురువు: ముందు ఆ ‘చు’ తీసేయండి. విడుటకన్న. ఇది ఆటవెలది పద్యం. మూడో పాదం మొదట్లో మూడు సూర్యగణాలు (గురువు-లఘువు, లేదా మూడు లఘువులు) రావాలి: పట్టి, విడుట, కన్న. మీలా పాడితే మూడోది ‘టకన్న’ అవుతుంది, అది సూర్యగణం కాదు, జగణం!

కదిరి కోడలు: మా అమ్మమ్మ ‘విడుచుటకన్న’ అనే పాడేదండి. కటారుపల్లిలో వేమన సమాధికి కూతవేటు దూరంలో పుట్టిన మనిషి. వేమన వేళ్లు మడిచి గణాలు లెక్కపెట్టుకున్నాడా ఏంటి?

గణాల గురువు: బ్రౌన్ దొర 1829లో అచ్చు వేయించేనాటికే రాతప్రతికో పాఠం ఉందమ్మా. చివర్న ‘పడి చచ్చుటే మేలు’ అనండి, ‘పరగ జచ్చుట మేలు’ అనండి, రెండూ నడుస్తాయి. ‘చు’ నడవదు.

పెరంబూరు ప్యాసింజర్: అసలు సెట్ ఒక్క మాట కాదండి. పెట్టడం అనే అర్థంలోది పాత ఇంగ్లీషుది. గుంపు అనేది ఫ్రెంచి మీదుగా లాటిన్ ‘సెక్టా’ నుంచి వచ్చింది. అబ్బాయి దోశా లెక్కలూ ఒక తల్లి పిల్లలు. పెళ్లి సెట్ అవడం వేరే ఇల్లు. మన పట్టూ అంతే. ఇక్కడ చెన్నైలో పట్టుచీర పట్టుకి ఒక అక్షరం, పట్టుకోవడానికి వేరే అక్షరం, ‘పట్రు’ అంటారు. చీరది సంస్కృతం ‘పట్ట’ నుంచి వచ్చింది. మన నోట్లో రెండూ కలిసిపోయాయి. కాబట్టి లెక్కలోంచి చీర తీసేయాలి.

మల్లేశ్వరం మజ్జిగ: తీసేయండి. నిద్ర పట్టడం, తుప్పు పట్టడం, రెండు గంటలు పట్టడం, నుదుటికి శొంఠి పట్టు వేయడం... ఇంకా బోలెడు మిగిలాయి.

పెరంబూరు ప్యాసింజర్: అన్నట్టు, మైసూరు మహారాజా కాలేజీలో తెలుగు చెప్పిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వేమన ఉపన్యాసాలు చదివినవాళ్లు గణాల దగ్గరే ఆగిపోరు, గురువుగారూ.

గణాల గురువు: చదివాను. రెండుసార్లు.

కదిరి కోడలు: ఇప్పుడే పెద్దమ్మకి ఫోన్ చేశా. ఆవిడ ‘పట్టి విడుచుకన్న’ అంటోంది. ‘చు’ ఉంది, ‘ట’ లేదు. ఇప్పుడు చెప్పండి!

గణాల గురువు: పట్టి, విడుచు, కన్న. గణాలు సరిపోయాయి. వ్యాకరణం చూడాలి. రేపు రాస్తాను.