కెపాసిటర్ బిట్: నాకు 100, కీలో 12. ఎవరైనా చెప్పండి ప్లీజ్

సెకండియర్_ఎంపీసీ:
అందరికీ నమస్తే. ఎంసెట్‌కి ఫిజిక్స్ బిట్లు ప్రాక్టీస్ చేస్తున్నాను. సాయంత్రం నుంచి ఒకే బిట్ దగ్గర ఆగిపోయాను, చాప్టర్ అంతా అలాగే ఉండిపోయింది. 4 మైక్రోఫారడ్ కెపాసిటర్, 100 వోల్టులకు చార్జ్ చేశారు. అందులో డైఎలెక్ట్రిక్ (విద్యుత్ ప్రవహించని పదార్థం) పలక పెట్టారు, దాని డైఎలెక్ట్రిక్ స్థిరాంకం కె విలువ 5. ఇప్పుడు శక్తి ఎంత? ఇంతే బిట్. కె రెట్లు పెరగాలి కదా, మొదట 20 మిల్లీజౌల్స్ ఉంటే ఇప్పుడు 100 అవ్వాలి. ఆప్షన్లలో 100 కూడా ఉంది. కీ చూస్తే 12 అని ఇచ్చారు. ఎటు తిప్పినా 12 రావట్లేదు. వెనక సొల్యూషన్ ఇవ్వలేదు, ఆప్షన్ నంబర్ మాత్రమే ఉంది. కీ తప్పయితే తప్పని ఒక్క మాట చెప్పండి, వదిలేసి ముందుకెళ్తాను. చాలా టెన్షన్‌గా ఉంది.

సున్నా_ఒకటి:
బ్యాటరీ ఉందా, తీసేశారా?

గోదావరి గట్టు:
చెల్లీ, కీ తప్పే. ఈ బిట్ బ్యాంకుల్లో ఇలాంటివి బోలెడు ఉంటాయి. డైఎలెక్ట్రిక్ పెడితే కెపాసిటెన్స్ కె రెట్లు, చార్జ్ కె రెట్లు, ఎనర్జీ కె రెట్లు. ఇది గుర్తుపెట్టుకో చాలు. నువ్వు చేసిన పెద్ద పొరపాటు వేరే ఉంది, ఒక్క బిట్ మీద సాయంత్రమంతా కూర్చోవడం. 180 నిమిషాల్లో 160 బిట్లు చేయాలి. అందులో 80 మ్యాథ్స్, సగానికి పైగా టైం అవే తినేస్తాయి. ఫిజిక్స్ 40 బిట్లకు నీకు మిగిలేది బిట్‌కి ఒక నిమిషం కూడా కాదు. అర నిమిషంలో దారి దొరకలేదంటే వదిలెయ్. చివర్లో వదిలేసినవన్నీ ఏదో ఒక ఆప్షన్ పెట్టేసి రా, నెగటివ్ మార్కులు లేవు కదా.

పాత లెక్చరర్:
గోదావరి గట్టు గారూ, పరీక్ష హాల్లో వదిలేయడం వేరు, ఇంట్లో ప్రాక్టీస్ చేసేటప్పుడు వదిలేయడం వేరు. అమ్మాయి చేస్తున్నది ప్రాక్టీస్. ఇక్కడ ఆగి ఆలోచించకపోతే ఇంకెక్కడ ఆలోచిస్తుంది? ఏదో ఒకటి పెట్టేసి రావడం అలవాటైతే అదే పిల్ల రేపు జేఈఈ మెయిన్ రాస్తుంది. అక్కడ తప్పు రాస్తే ఒక మార్కు పోతుంది. ఎన్నో ఏళ్లు ఈ పాఠం చెప్పినవాణ్ని, బిట్లు గుడ్డిగా పెట్టే పిల్లలు ఎక్కడ దెబ్బతింటారో చూశాను. పైగా మీరు చెప్పిన షార్ట్‌కట్ సగం సందర్భాల్లోనే నిజం. బ్యాటరీ కలిపి ఉంటేనే ఎనర్జీ కె రెట్లు అవుతుంది. తీసేస్తే కె వంతుకు పడిపోతుంది. కె రెట్లు పెరగడం, కె వంతుకు తగ్గడం, ఈ రెండూ పూర్తిగా ఎదురెదురు ఫలితాలు.

నల్లగొండ నాన్న:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా బాబు కూడా ఈసారి రాస్తున్నాడు. ఇంటర్ మార్కులు కలుపుతారని ఒకరు, కలపరని ఒకరు చెబుతున్నారు. ఇంటర్ మీద ఎక్కువ పెట్టాలా, దీని మీద ఎక్కువ పెట్టాలా?

సున్నా_ఒకటి:
తెలంగాణలో 2023 నుంచి వెయిటేజీ లేదు. ఏపీలో 25 శాతం ఉంది. మొదటి ప్రశ్నకు జవాబు రాలేదు: బ్యాటరీ?

సెకండియర్_ఎంపీసీ:
బ్యాటరీ తీసేశాకే పలక పెట్టారు. చార్జ్ చేశారు అని రాశాను కదా, అంటే తీసేసినట్టే అని రాయలేదు. ఇప్పుడు పాత లెక్చరర్ సర్ చెప్పినట్టు చేస్తే 20 ని 5 తో భాగిస్తే 4 వస్తోంది. 4 కూడా ఆప్షన్లలో ఉంది! కానీ కీ 12. అంటే ఇప్పటికీ కీ తప్పేనా సర్?

బీటెక్_ఈఈఈ:
చెల్లీ, నాలుగు ఆప్షన్లూ వరసగా రాయి. ఇంకోటి, పలక ప్లేట్ల మధ్య మొత్తం నిండిందా?

సెకండియర్_ఎంపీసీ:
ఆప్షన్లు: 1) 4  2) 12  3) 33.3  4) 100. అన్నీ మిల్లీజౌల్స్‌లో. పలక "ఖాళీలో సగభాగాన్ని నింపేలా" అని ఉంది అన్నా. దాని వల్ల పెద్ద తేడా ఉండదని రాయలేదు.

బీటెక్_ఈఈఈ:
తేడా అంతా అక్కడే ఉంది. కీ కరెక్టే.

ఫార్ములా పక్కన పెట్టు, వోల్టేజ్‌తో చూద్దాం. బ్యాటరీ తీసేశారు కాబట్టి ప్లేట్ల మీద చార్జ్ ఎటూ పోలేదు, 400 మైక్రోకూలుంబులు అలాగే ఉంది. చార్జ్ మారకపోతే పలక లేని చోట విద్యుత్ క్షేత్రం కూడా మారదు. పలక లోపల మాత్రం క్షేత్రం 5 వంతుకు తగ్గుతుంది. మొదట మొత్తం దూరం మీద 100 వోల్టులు, అంటే ఒక్కో సగం మీద 50. ఇప్పుడు ఖాళీగా ఉన్న సగం మీద 50 అలాగే ఉంటుంది. పలక ఉన్న సగం మీద 50 కాస్తా 10 అవుతుంది. మొత్తం 60 వోల్టులు. చార్జ్ స్థిరంగా ఉన్నప్పుడు శక్తి వోల్టేజ్‌తో పాటే తగ్గుతుంది. 100 నుంచి 60 కి దిగింది కాబట్టి 20 కూడా 12 కి దిగుతుంది.

ఇది నోటితో చేసేయొచ్చు, అర నిమిషం చాలు. పలక కింది ప్లేటుకు ఆనుకున్నా, పై ప్లేటుకు ఆనుకున్నా, మధ్యలో ఉన్నా జవాబు ఒకటే, ఎందుకంటే ఎంత మందంలో క్షేత్రం తగ్గింది అన్నదే లెక్క. 33.3 ఎందుకు పెట్టారో కూడా చూడు. ఇదే సగం పలకను బ్యాటరీ తీయకుండా పెడితే కెపాసిటెన్స్ పెరిగినంతగా శక్తి పెరుగుతుంది. 20 ని 0.6 తో భాగిస్తే 33.3. మొత్తం పలక, బ్యాటరీతో: 100. మొత్తం పలక, బ్యాటరీ లేకుండా: 4. బిట్ తయారు చేసిన ఆయన ప్రతి తొందరపాటుకీ ఒక ఆప్షన్ పెట్టారు. నీ జవాబు ఆప్షన్లలో కనిపించిందంటే అది కరెక్టని అర్థం కాదు, ఇది ఒక్కటి మర్చిపోకు.

కాజీపేట జంక్షన్:
ఒక్క నిమిషం. సగం అంటే మందంలో సగం అని ఎవరు చెప్పారు? పలకను పక్క నుంచి సగం దాకా దూర్చి ఆపేసినా ఖాళీలో సగం నిండినట్టే. అప్పుడు అవి రెండు కెపాసిటర్లు పక్కపక్కన సమాంతరంగా ఉన్నట్టు. సగం వైశాల్యం గాలిది, సగం వైశాల్యం కె = 5 ది. మొత్తం కెపాసిటెన్స్ మూడు రెట్లు, శక్తి మూడో వంతు, అంటే 6.67. నాకు తెలిసి ఇదే ఎక్కువగా అడుగుతారు. బిట్టే తప్పు.

బీటెక్_ఈఈఈ:
6.67 ఆప్షన్లలో లేదు కదా. ఆప్షన్లను బట్టి మందమే అని తెలిసిపోతోంది.

కాజీపేట జంక్షన్:
ఆప్షన్లు చూసి ప్రశ్న అర్థం చేసుకోవాలంటే అది ప్రశ్న ఎలా అవుతుంది? ప్రశ్నలోనే స్పష్టంగా ఉండాలి. ఇలాంటి వాటికి పిల్లల టైం పోతుంది.

పాత లెక్చరర్:
ఈ విషయంలో కాజీపేట గారితో ఏకీభవిస్తాను. "ప్లేట్ల మధ్య దూరంలో సగం మందం గల పలక" అని రాస్తే గొడవ ఉండదు. లేదా బొమ్మ ఇవ్వాలి. నేను పేపర్లు సెట్ చేసినప్పుడు ఇలాంటి బిట్‌కి బొమ్మ లేకుండా ఇచ్చేవాణ్ని కాదు.

సెకండియర్_ఎంపీసీ:
బొమ్మ ఉంది సర్. పలక కింది ప్లేటుకు ఆనుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంది, పైన ఖాళీ ఉంది. ఇక్కడ గీయడం రాక పెట్టలేదు.

సున్నా_ఒకటి:
అయితే మందమే. 12.

గోదావరి గట్టు:
సరే, బ్యాటరీ తీసేశారని ముందే రాసి ఉంటే నేనూ కె వంతు అనే చెప్పేవాణ్ని. నా మాట మాత్రం అదే, షార్ట్‌కట్లు రాకుండా ఈ పరీక్షలో ర్యాంకు రాదు. ప్రతి బిట్‌కీ క్షేత్రం, చార్జ్ అంటూ మొదటి నుంచి మొదలుపెడితే సగం పేపర్ కూడా అవ్వదు. అందుకే రెండు షార్ట్‌కట్లు రాసుకో చెల్లీ. బ్యాటరీ ఉంటే వోల్టేజ్ మారదు, ½ సి వి² వాడు. బ్యాటరీ లేకపోతే చార్జ్ మారదు, క్యూ² బై 2 సి వాడు.

పాత లెక్చరర్:
ఇప్పుడు మీరు చెప్పింది షార్ట్‌కట్ కాదండీ, అదే కాన్సెప్ట్. ఏది మారదో ముందు పట్టుకోవడమే ఈ చాప్టర్ అంతా. అమ్మా, పక్కనున్న బిట్లలో చూడు. పలక పెట్టడం, పలక తీయడం, ప్లేట్లను దూరంగా జరపడం, అన్నిటికీ ఇదొక్కటే తాళంచెవి. ప్లేట్ల మధ్య దూరం రెట్టింపు చేస్తే ఏమవుతుంది? బ్యాటరీ లేకపోతే శక్తి రెట్టింపు, ఉంటే సగం. వీటిని విడివిడిగా బట్టీ పడితే పరీక్షలో ఒకదానికి బదులు ఇంకోటి గుర్తొస్తుంది.

బీటెక్_ఈఈఈ:
అవును. ఈ బిట్‌లో 8 మిల్లీజౌల్స్ ఎనర్జీ లాస్ అయింది కదా, కొన్ని పేపర్లలో నేరుగా ఆ లాస్ ఎంత అనే అడుగుతారు, అదీ చూసుకో.

పాత లెక్చరర్:
లాస్ అనొద్దు బాబూ. ఇక్కడ నష్టం ఏమీ లేదు. పలకను ప్లేట్ల అంచు దగ్గరికి తెస్తే క్షేత్రం దాన్ని లోపలికి లాగుతుంది. నువ్వు చేత్తో పట్టుకుని నెమ్మదిగా వదిలితే ఆ 8 మిల్లీజౌల్స్ నీ చేతి మీద జరిగిన పని. పట్టుకోకుండా వదిలేస్తే, ఘర్షణ లేదనుకుంటే, పలక లోపలికి దూసుకెళ్లి అటువైపు బయటికొచ్చి మళ్లీ వెనక్కి వస్తూ ఊగుతుంది. ఆ శక్తి గతిశక్తిగా ఉంటుంది. లాస్ అనాలంటే రెండు చార్జ్ చేసిన కెపాసిటర్లను తీగతో కలిపిన సందర్భంలో అనాలి. రెండింటి వోల్టేజ్‌లు వేరైనప్పుడు కొంత శక్తి తీగలో వేడిగా పోతుంది. అది నిజంగా నష్టం.

బీటెక్_ఈఈఈ:
సర్, బిట్‌లో "తగ్గిన శక్తి" అని అడిగినా "లాస్" అని అడిగినా జవాబు 8 నే కదా. పిల్లలకు ఇప్పుడు ఈ తేడా అవసరమా?

పాత లెక్చరర్:
అవసరమే. "క్షేత్రం చేసిన పని ధనాత్మకమా, ఋణాత్మకమా" అని అడిగితే లాస్ అని నేర్చుకున్న పిల్ల ఏం రాస్తుంది? క్షేత్రమే లాగింది కాబట్టి క్షేత్రం చేసిన పని ప్లస్ 8. బయటి నుంచి చేతితో చేసిన పని మైనస్ 8. నష్టం అన్న మాట దగ్గర ఆగిపోతే ఈ గుర్తు దగ్గర తప్పు పోతుంది.

కాజీపేట జంక్షన్:
ఇది బాగుంది సర్. మరి బ్యాటరీ ఉన్నప్పుడు శక్తి పెరుగుతుంది కదా. అప్పుడు కూడా క్షేత్రం పలకను లోపలికే లాగుతుందా, బయటికి నెడుతుందా? శక్తి ఎక్కువయ్యే వైపు దానంతట అదే ఎందుకు వెళ్తుంది?

పాత లెక్చరర్:
మంచి ప్రశ్న. అప్పుడూ లోపలికే లాగుతుంది. పెరిగే శక్తి, లాగడానికి కావలసిన శక్తి రెండూ బ్యాటరీయే ఇస్తుంది. ఇదే కెపాసిటర్‌లో పలక మొత్తం నిండిందనుకోండి. చార్జ్ 400 నుంచి 2000 మైక్రోకూలుంబులకు చేరాలి. అదనంగా వచ్చిన 1600 ని బ్యాటరీ 100 వోల్టుల దగ్గర పంపింది, అంటే 160 మిల్లీజౌల్స్ ఖర్చు చేసింది. కెపాసిటర్‌లో శక్తి 20 నుంచి 100 కి పెరిగింది, అది 80. మిగతా 80 పలకను లాగడానికి వెళ్లింది. బ్యాటరీ ఇచ్చిందాంట్లో సరిగ్గా సగం నిల్వకు, సగం పనికి. కె ఎంతైనా ఈ సగం సగం మారదు.

సున్నా_ఒకటి:
పలకను నెమ్మదిగా పెడితేనే.

పాత లెక్చరర్:
అవును, నెమ్మదిగా. రాయడం మరిచాను అనుకోవద్దు, ఇంటర్ స్థాయిలో అది అనుకునే చెబుతాం.

నల్లగొండ నాన్న:
తెలంగాణలో వెయిటేజీ లేదంటే ఇంటర్ చదువు తగ్గించమనా? ఇంటర్ పాస్ కావాలి కదా.

గోదావరి గట్టు:
పాస్ ఒక్కటే సరిపోదండీ, మినిమం శాతం కూడా ఉండాలి, నోటిఫికేషన్‌లో మీ కేటగిరీకి చూసుకోండి. రెండిటికీ సిలబస్ దాదాపు ఒకటే, వేరువేరుగా చదవాల్సిన పని లేదు. కాలేజీలో పాఠం అయిన రోజే ఆ పాఠం బిట్లు చేయమనండి.

సెకండియర్_ఎంపీసీ:
50, 10, 60. వచ్చేసింది, 12. పక్కన ఉన్న బిట్లలో లోహపు పలక, సగం మందం అని ఒకటి ఉంది. లోహం లోపల క్షేత్రం సున్నా కాబట్టి 50 వోల్టులే, 10 మిల్లీజౌల్స్ రాశాను, కీ కూడా 10. థాంక్స్ అన్నా, థాంక్యూ సర్. కరెంట్ ఎలక్ట్రిసిటీ మొదలుపెడుతున్నాను.

కాజీపేట జంక్షన్:
బొమ్మ ఉంది సరే, కానీ బొమ్మ లేకుండా ఇదే బిట్ గ్రాండ్ టెస్ట్‌లో వస్తే మందం అనుకోవాలా, వైశాల్యం అనుకోవాలా? దీనికి ఎవరూ చెప్పలేదు.

గోదావరి గట్టు:
రెండూ చేసి ఏది ఆప్షన్లలో ఉంటే అది.

కాజీపేట జంక్షన్:
రెండూ ఉంటే?

కొత్త సభ్యుడు:
నమస్తే. ఇదే బిట్‌లో పైన ఖాళీగా ఉన్న సగంలో కె = 2 పలక కూడా పెడితే నాకు 10 ప్లస్ 25, మొత్తం 35 వోల్టులు, 7 మిల్లీజౌల్స్ వస్తోంది. మా ఫ్రెండ్ కె లకు సగటు 3.5 తీసుకుని 5.7 అంటున్నాడు. ఎవరిది కరెక్ట్?