బరువు తగ్గింది, చిరాకు పెరిగింది. తిండి పెంచాలా, జిమ్ తగ్గించాలా?

నా వయసు 36, ఎత్తు 168 సెంటీమీటర్లు. మూడు నెలల్లో 86 కిలోల నుంచి 78కి వచ్చాను. బీపీ, షుగర్ నార్మల్. కానీ ఐదు వారాలుగా మనసు బాగోలేదు. సాయంత్రం నాలుగు దాటితే ఊరికే చిరాకు, పిల్లల మీద అరుపులు. రాత్రి మూడింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. వ్యాయామం చేస్తే మనసు తేలికవుతుందంటారు కదా, మొదటి నెల నాకూ అలాగే ఉండేది.

వారానికి ఆరు రోజులు, ఉదయం 5:30కి గంటసేపు జిమ్. తిండి 1,200 కేలరీల లోపే: పొద్దున రెండు గుడ్లు, మధ్యాహ్నం రెండు జొన్నరొట్టెలు, పప్పు, రాత్రి ఏడింటికి మజ్జిగ, కీరా. అన్నం మానేసి ఎనిమిది వారాలైంది.

పది రోజులు కాఫీ మానేశాను, తేడా లేదు. రాత్రి తొమ్మిదికే ఫోన్ పక్కన పెట్టేస్తున్నాను. థైరాయిడ్, బీ12, విటమిన్ డి, హిమోగ్లోబిన్ పరీక్షలు మామూలుగానే వచ్చాయి. డాక్టర్ ‘టెన్షన్ తగ్గించుకోండి’ అన్నారు, అదెలాగో చెప్పలేదు. గత ఆదివారం పెళ్లిలో కడుపునిండా అన్నం తిన్న రాత్రి మాత్రం ఏడు గంటలు నిద్రపోయాను. అందుకే అనుమానం.

ఇలాంటిది దాటి వచ్చినవాళ్లు చెప్పండి: జిమ్ అలాగే ఉంచి ముందు తిండి పెంచి చూడాలా, లేక జిమ్ రోజులే తగ్గించాలా?