హాంటర్‌ని ఎక్కడ ట్రేడ్ చేయాలి: ఎదురుగా కూర్చునా, నెట్‌లోనా?

నాగావళి గట్టు:
మా అబ్బాయికి పదేళ్లు. మేం శ్రీకాకుళంలో ఉంటాం, వాడి మేనత్త కొడుకు విజయనగరంలో. ఇద్దరికీ స్విచ్ అనే గేమ్ మెషీన్ ఉంది, ఇద్దరూ ఆడేది వింత జీవుల్ని పట్టి పెంచే పోకెమాన్ స్కార్లెట్ గేమ్. మావాడి దగ్గరున్న హాంటర్ అనే జీవి గెంగార్ అనే పెద్ద జీవిగా మారాలంటే ఇంకొకరికి ట్రేడ్ చేయాల్సిందే, అంటే అవతలివాళ్ల జీవితో మార్చుకోవాలి. నెట్‌లో చేయాలంటే డబ్బు కట్టి మెంబర్‌షిప్ తీసుకోవాలి. పక్కపక్కన కూర్చుంటే పైసా అక్కర్లేదు, ఇంట్లో వైఫై కూడా అక్కర్లేదు. దసరా సెలవుల దాకా ఆగమన్నాను. రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. నేను చేసింది తప్పంటారా?

గంటస్తంభం:
తప్పేం లేదండీ, ఆగనివ్వండి. మాది గేమ్ బాయ్ అడ్వాన్స్ అనే పాత చేతి మెషీన్ కాలం. రెండు మెషీన్లను కలిపి ట్రేడ్ చేసే కేబుల్ వీధి మొత్తానికీ ఒకటే. ఊదా రంగు పిన్ను ఎవరి మెషీన్‌లో ఉంటే వాళ్లే మొదటి ప్లేయర్, అందుకని ముందు దాని కోసమే కొట్లాట. ఆ కేబుల్ పాత గేమ్ బాయ్ కలర్‌లో దూరేది కాదు, ఆ మెషీన్ ఉన్న కుర్రాడు పాపం పక్కన కూర్చుని చూసేవాడు.

అసలు విషయం వేరే ఉంది. హాంటర్‌ని ఇస్తే అది అవతలివాడి మెషీన్‌లో గెంగార్ అవుతుంది. మళ్లీ మన చేతికి రావాలంటే రెండో ట్రేడ్ జరగాలి. ఆ రెండింటి మధ్యా అది వాడి సొత్తే. నా మాచోక్ అనే జీవి అలాగే ట్రేడ్‌లో మాచాంప్ అయ్యాక, భోజనం చేసి వచ్చి ఇస్తానని మా స్నేహితుడు ఇంట్లోకి వెళ్లిపోయాడు. గంటసేపు వాళ్ల అరుగు దిగలేదు నేను. వచ్చాడు, ఇచ్చాడు. నెట్‌లో ముక్కూ మొహం తెలియనివాడు తీసుకుని వెళ్లిపోతే ఏ అరుగు మీద కూర్చుంటాం?

ఆమదాలవలస కుర్రాడు:
అన్నా, మీ వీధిలో కేబుల్ ఉంది, స్నేహితులున్నారు. మా ఊళ్లో స్విచ్ ఉన్నది నా ఒక్కడికే. నెట్ లేకపోతే నా హాంటర్ ఎప్పటికీ హాంటరే. ఈ ఇబ్బంది తయారుచేసినవాళ్లకీ తెలుసు. 2022లో వచ్చిన లెజెండ్స్ ఆర్సియస్ అనే ఇంకో పోకెమాన్ గేమ్‌లో లింకింగ్ కార్డ్ (Linking Cord, అంటే తాడు) అనే వస్తువు పెట్టారు, అది వాడితే ట్రేడ్ లేకుండానే మారిపోతుంది. పైగా నెట్ అంటే తెలియనివాళ్లే అక్కర్లేదు. ఇద్దరూ ఒకే ఎనిమిది అంకెల కోడ్ కొట్టుకుంటే చాలు. బావాబామ్మర్దులు ఫోన్‌లో మాట్లాడుకుంటూ చేసుకోవచ్చు.

గంటస్తంభం:
తమ్ముడూ, నీ విషయంలో ఒప్పుకుంటున్నాను. ఒంటరిగా ఉన్నవాడికి నెట్టే దిక్కు. కానీ దాని మీదే పూర్తిగా ఆధారపడొద్దు. స్విచ్‌కి ముందొచ్చిన చేతి మెషీన్లలో డీఎస్ ఆన్‌లైన్ సర్వీసు 2014 మేలో ఆపేశారు, త్రీడీఎస్‌ది 2024 ఏప్రిల్‌లో. అదే రెండు డీఎస్‌లు పక్కపక్కన పెడితే ఈరోజుకీ ట్రేడ్ అవుతుంది.

నాగావళి గట్టు:
కోడ్ సంగతి నాకు తెలియదు. అయినా మెంబర్‌షిప్ తీసుకోవడం లేదు. దసరా దాకా ఆపడం మాత్రం ఎక్కువే అనిపించింది. రెండో ట్రేడ్ గురించి మావాడికి చెబితే, "బావ తిరిగిస్తాడు, నాకు తెలుసు" అన్నాడు. రెండు రోజుల తర్వాత వాడు నాతో అన్న మొదటి మాట అది. ఈ ఆదివారం పొద్దున్నే విజయనగరం బస్సెక్కుతున్నాం. ఛార్జర్ వాడే సర్దుకున్నాడు.