వెబ్ కోర్సును రియాక్ట్‌తోనే మొదలుపెట్టాలా?

ల్యాబ్‌మేడం:
మాది స్వయంప్రతిపత్తి ఉన్న ఇంజనీరింగ్ కళాశాల. నేను బీటెక్ మూడో సంవత్సరానికి వెబ్ టెక్నాలజీస్ చెబుతాను. ఇంతకాలం మేము దాదాపుగా జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18 (2018 నాటి) పాఠ్యప్రణాళికనే అనుసరించాము. అది సర్వర్‌లో నడిచే పీహెచ్‌పీతో మొదలై, డేటాను ట్యాగులతో రాసే ఎక్స్ఎంఎల్, జావాతో సర్వర్ పని చేసే సర్వ్‌లెట్లు, జేఎస్‌పీ మీదుగా సాగి, బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్‌ను అయిదో యూనిట్‌లో ముట్టుకుంటుంది. సెమిస్టర్ చివర్లో ఆ యూనిట్‌కు ఎంత సమయం మిగులుతుందో చదువు చెప్పేవాళ్లకు తెలుసు. ఇప్పుడు బోర్డ్ ఆఫ్ స్టడీస్ (పాఠ్యాంశాలు నిర్ణయించే మండలి) ముందుకు కొత్త ప్రతిపాదన వచ్చింది. పేజీ నిర్మాణానికి వాడే హెచ్‌టీఎంఎల్, దాని రూపానికి వాడే సీఎస్ఎస్‌లను రెండు వారాల్లో ముగించి, మూడో వారం నుంచి నేరుగా రియాక్ట్ (వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) చెప్పాలట. ప్లేస్‌మెంట్ విభాగం దీన్ని గట్టిగా కోరుతోంది, నాకు మాత్రం మనసొప్పడం లేదు. పాత పద్ధతి బాగుందని నేను అనడం లేదు గనుక, రెండు వైపుల వాదనలూ వినాలనుకుంటున్నాను.

పాతవిద్యార్థి:
మేడం గారూ, నేను ప్రతిపాదన వైపే ఉన్నాను. మా కాలంలో పేజీని గడులుగా విడగొట్టే ఫ్రేమ్‌సెట్ ట్యాగులను అబ్జర్వేషన్ పుస్తకంలో రాసి, వాటినే మళ్లీ రికార్డులోకి ఎక్కించి, సంతకం కోసం వరుసలో నిలబడ్డాము. హెచ్‌టీఎంఎల్5 ప్రమాణం 2014లో ఖరారైనప్పుడే ఫ్రేమ్‌సెట్‌కు కాలం చెల్లింది, రికార్డులో మాత్రం అది చిరంజీవి. ఉద్యోగ ప్రకటనల్లో రియాక్ట్ అడుగుతున్నప్పుడు కళాశాల దాన్ని చెప్పకపోతే ఏమవుతుందో ఆలోచించండి. డబ్బున్న పిల్లలు అమీర్‌పేటలో ఫీజు కట్టి నేర్చుకుంటారు, లేనివాళ్లు సర్వ్‌లెట్ జీవితచక్రాన్ని బట్టీపట్టి బయటికి వస్తారు. పునాదుల గురించి మాట్లాడేవారు ఈ అంతరానికి కూడా సమాధానం చెప్పాలి.

కోడుముచ్చట:
అంతరం గురించి మీరన్నది నిజం. అయితే మా సంస్థలో కొత్తవారిని ఇంటర్వ్యూ చేసేవారిలో నేనూ ఒకణ్ణి. అక్కడ కనిపించేది చెబుతాను.

అభ్యర్థి రియాక్ట్‌లో చేసిన రిజిస్ట్రేషన్ పేజీ చూపిస్తాడు. రంగులు బాగుంటాయి, పేజీ చక్కగా కదులుతుంది. మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ మీట నొక్కమంటాను. "సమర్పించు" అన్న బొత్తాం దగ్గరికి కర్సర్ అసలు చేరదు, ఎందుకంటే అది బటన్ కాదు, క్లిక్ తగిలించిన ఒక డివ్, అంటే ఉత్త పెట్టె లాంటి ట్యాగు. ఎంటర్ నొక్కినా ఫారం కదలదు. "మొబైల్ నంబర్" అన్న మాటను తాకితే దాని పక్కనున్న పెట్టెలోకి కర్సర్ రాదు, కారణం మాటను పెట్టెతో కలిపే లేబుల్ ట్యాగు లేదు. చూపులేనివారు స్క్రీన్ రీడర్‌తో ఈ పేజీ తెరిస్తే ఏ పెట్టె దేనికో వారికి తెలిసే దారే లేదు. బ్రౌజర్ సర్వర్‌కు అభ్యర్థన పంపే పద్ధతులైన గెట్‌కూ పోస్ట్‌కూ తేడా ఏమిటని అడిగితే, అది లైబ్రరీ చూసుకుంటుందని జవాబు వస్తుంది. ఆ పిల్లవాడు తెలివితక్కువవాడు కాడు. బ్రౌజర్ తనంతట తానే ఏమేమి చేసిపెడుతుందో అతనికి ఎవరూ చూపించలేదు, అంతే.

ఇక పరికరాల ఆయుష్షు సంగతి. రియాక్ట్ లాంటి పనే చేసే యాంగులర్‌జేఎస్ 2010లో వచ్చింది, 2021 ముగిసేసరికి దానికి మద్దతు ఆగిపోయింది. రియాక్ట్ బయటికి వచ్చింది 2013లో. 2019లో హుక్స్ అనే కొత్త తీరు వచ్చాక అదివరకటి క్లాసుల పద్ధతి వెనకబడింది. చాలా పాఠాలు మొదటి మెట్టుగా వాడే క్రియేట్ రియాక్ట్ యాప్ అనే పరికరాన్ని 2025 ఫిబ్రవరిలో రియాక్ట్ బృందమే పక్కన పెట్టింది. లేబుల్ ట్యాగు 1997 నాటి హెచ్‌టీఎంఎల్ 4లో ఉంది, నేటికీ అదే పని చేస్తోంది. నాలుగేళ్లు మార్చకుండా నడిపే పాఠ్యప్రణాళికలో ఏది ప్రధానంగా ఉండాలో నాకైతే సందేహం లేదు.

చివరివరుస:
నేను ప్రస్తుతం ఆ కోర్సు చదువుతున్న విద్యార్థిని. పెద్దల వాదనలో ల్యాబ్ సంగతి రాలేదు గనుక చెబుతున్నాను. మా ల్యాబ్‌లో అందరూ ఒకేసారి ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ (రియాక్ట్‌కు కావలసిన ప్యాకేజీలను నెట్ నుంచి దింపే ఆదేశం) కొడితే మొదటి గంట డౌన్‌లోడుకే పోతుంది. కొన్ని సిస్టములలో ప్రాక్సీ (నెట్‌కు మధ్యలో ఉండే సర్వర్) అడ్డం పడి అదీ పూర్తి కాదు. నోట్‌ప్యాడ్, బ్రౌజర్ ఉంటే చాలుననే పాఠానికి ఈ బాధ లేదు. అలాగని పాత పద్ధతిని మెచ్చుకోలేను. మాకు ప్రోగ్రాం రాసే సమయం కన్నా అవుట్‌పుట్ ప్రింటు తీసి రికార్డులో అతికించే సమయమే ఎక్కువ.

బందరుమాస్టారు:
నేను డిగ్రీ కళాశాలలో బీకాం కంప్యూటర్స్ వారికి చెబుతాను. మా పిల్లలలో చాలామంది తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు. వారి చేత తెలుగు పేజీ చేయించినప్పుడు పునాది ఎంత అవసరమో దానంతట అదే తెలిసి వస్తుంది.

పేరు రాసే పెట్టెకు ఒక విద్యార్థిని గరిష్ఠ నిడివి పది అని పెట్టింది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో "వేంకటలక్ష్మి" అని కొట్టబోతే "వేంకటలక్ష్" దగ్గర ఆగిపోయింది. కంటికి అయిదే అక్షరాలు, మరి పది దాటడమేమిటని తరగతంతా తలలు పట్టుకుంది. అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు, సున్న విడివిడి సంకేతాలని బోర్డు మీద విడదీసి చూపితే లెక్క పన్నెండు తేలింది. "లక్ష్మి" ఒక్కదానికే జావాస్క్రిప్ట్ నిడివి ఏడు చెబుతుంది. పీహెచ్‌పీలో నిడివి చెప్పే ఎస్‌టీఆర్‌లెన్ ఫంక్షన్ ఒక్కో సంకేతానికి మూడు చొప్పున బైట్లు లెక్కపెడుతుంది గనుక ఇరవై ఒకటి చెబుతుంది. రికార్డులో అందరూ ఎత్తి రాసుకునే తనిఖీ సూత్రం ఇంగ్లీషు అక్షరాలను మాత్రమే ఒప్పుకుంటుంది కాబట్టి, తమ పేరు తాము తెలుగులో రాసుకుంటే "సరైన పేరు ఇవ్వండి" అని ఎర్రక్షరాలు వస్తాయి. డేటాబేస్ కనెక్షన్‌కు క్యారెక్టర్ సెట్ (అక్షరాల సంకేత పద్ధతి) సరిగా పెట్టకపోతే పేరు బదులు ప్రశ్నార్థకాల వరుస దిగుతుంది. ఇంగ్లీషుకు సరిపోయిన లైన్ హైట్‌లో ఒత్తులు కింది వరుసను తాకుతాయి. వీటిలో ఏ ఒక్కదాన్నీ రియాక్ట్ తెచ్చిపెట్టలేదు, ఏ ఒక్కదాన్నీ రియాక్ట్ పరిష్కరించదు.

పాతవిద్యార్థి:
మాస్టారూ, మీ తరగతిలో కూర్చోవాలని ఉంది. కానీ మీరు చెప్పినది పరీక్షలో వస్తుందా? మన ప్రశ్నపత్రం "వివరించండి", "తేడాలు రాయండి" దగ్గరే ఉన్నంతకాలం హెచ్‌టీఎంఎల్ చెప్పినా రియాక్ట్ చెప్పినా పిల్లలు కంఠస్థమే చేస్తారు. పైగా 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ల్యాబ్ ప్రోగ్రాములన్నీ క్షణాల్లో తయారవుతున్నాయి. నా పట్టు కొంత సడలించి చెబుతున్నాను: రియాక్ట్‌ను మొదట పెట్టకపోయినా ఫరవాలేదు, కోర్సులో అసలు లేకుండా చేయకండి.

ల్యాబ్‌మేడం:
పరీక్ష గురించి మీరన్న మాటే నాకు బలంగా తాకింది. బోర్డుకు నేను ఇవ్వబోయేది ఇదీ: మొదటి పది వారాలు హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్, వాటి వెనుక పీహెచ్‌పీ, డేటాబేస్, చివరి నాలుగు వారాలు రియాక్ట్, అదీ కొత్త ప్రాజెక్టుతో కాదు, విద్యార్థి అప్పటికే స్వయంగా రాసిన ఫారాన్నే అందులో తిరిగి కట్టడం. అప్పుడు ఆ లైబ్రరీ దేనికోసం పుట్టిందో పోల్చి చూడగలుగుతారు. సర్వ్‌లెట్లు, జేఎస్‌పీ ఐచ్ఛిక కోర్సులోకి పోతాయి. ప్యాకేజీలను ల్యాబ్ సర్వర్‌లో ముందే దింపి ఉంచుతాము.

కోడుముచ్చట:
సర్వ్‌లెట్లను మరీ తేలికగా తీసేయకండి, జావా సంస్థలలో వాడే స్ప్రింగ్ ఎంవీసీ అనే చట్రం నిలబడింది వాటి మీదే. జేఎస్‌పీ పోతే మాత్రం నేను కన్నీరు పెట్టను. నాలుగు వారాల రియాక్ట్ నాకు ఇప్పటికీ ఎక్కువే అనిపిస్తోంది, ఆ విషయంలో మన అభిప్రాయాలు కలవవు. ల్యాబ్ పరీక్షలో మాత్రం "రాయండి" బదులు "బాగుచేయండి" అని పెట్టండి. లేబుళ్లు లేని, ట్యాబ్‌కు అందని, తెలుగు పేరును తిప్పికొట్టే పేజీ ఒకటి ఇచ్చి, దోషాలు వెతికి సరిచేసి, ఎందుకు సరిచేశారో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌కు నోటితో చెప్పమనండి. కోడు ఎవరు రాసిచ్చినా ఆ జవాబు అభ్యర్థే చెప్పుకోవాలి.

చివరివరుస:
అలాంటి పరీక్షకు నేను సిద్ధమే. ఒక్క సందేహం, ఆ రోజు ఇంటర్నెట్ ఉంచుతారా, తీసేస్తారా?

ల్యాబ్‌మేడం:
బయటి ఇంటర్నెట్ ఉండదు. ఎండీఎన్ (వెబ్ సాంకేతికతలను వివరించే సైట్) పత్రాల ఆఫ్‌లైన్ ప్రతి ల్యాబ్ సర్వర్‌లో ఉంటుంది, దాన్ని ఎంతసేపైనా చూసుకోవచ్చు. ట్యాగు పేరు గుర్తులేదని ఎవరికీ మార్కులు తగ్గించను.