రెస్క్యూ ట్రైనీలకు వెయ్యదగ్గ సినిమాలు: ట్రామా, మెంటార్‌షిప్

తెరచాటు:
ట్రైనీల బ్యాచ్‌కి ఒక పూట సినిమా వేసి చర్చ పెట్టాలి. ఘోరం చూసి బతికి బయటపడ్డ సీనియర్, అతని దగ్గర పని నేర్చుకునే కుర్రాడు, ఇదీ విషయం. అందరూ ‘ద గార్డియన్’ (2006) చెబుతున్నారు. అదొక్కటి సరిపోతుందా? చర్చ ఎలా నడపాలి?

మూడోరీలు:
వెయ్యండి, ముగింపు దగ్గర మాత్రం జాగ్రత్త. అమెరికా కోస్ట్ గార్డ్ రెస్క్యూ స్విమ్మర్ల కథ అది. హెలికాప్టర్ కూలి తన సిబ్బందిని పోగొట్టుకున్న బెన్ రాండల్‌ని (కెవిన్ కాస్ట్‌నర్) శిక్షణ స్కూలుకి పంపేస్తారు. మొదటి ప్రశ్న అక్కడే వెయ్యండి: చికిత్స కావాల్సిన మనిషికి పాఠం చెప్పే పని అప్పగించడం ఎవరి మేలు కోరి?

రాండల్ ట్రైనీలని ఐసు నీళ్లలో దించే సీను హడావుడి కోసం పెట్టింది కాదు. 1983 ఫిబ్రవరిలో ‘మెరైన్ ఎలక్ట్రిక్’ ఓడ మునిగినప్పుడు 34 మందిలో ముగ్గురే మిగిలారు. హెలికాప్టర్ బాస్కెట్ దించినా, చలికి కొయ్యబారిన చేతులతో నీళ్లలో ఉన్నవాళ్లు ఎక్కలేకపోయారు. కోస్ట్ గార్డ్‌లో రెస్క్యూ స్విమ్మర్ల వ్యవస్థ వచ్చింది ఆ దుర్ఘటన తర్వాతే. ఇది ముందే చెబితే ఆ సీను ర్యాగింగ్‌లా కనిపించదు.

ఇక చివర (చూడనివాళ్లు ఈ పేరా వదిలెయ్యండి), హెలికాప్టర్ తీగ ఇద్దరి బరువు మొయ్యదని గురువు రాండల్ తానే జారిపోతాడు. అంతకుముందు ఒక రెస్క్యూలో పాత ప్రమాదం కళ్ల ముందు మెదిలి తడబడ్డదీ ఇతనే. రెండు సీన్లూ పక్కపక్కన పెట్టి మాట్లాడించండి. లేకపోతే ప్రాణం ఇస్తేనే అపరాధభావం తీరుతుందన్న అర్థం కుర్రాళ్లలో మిగిలిపోతుంది.

ఇసుకమూట:
నేర్పడం ఎలాగో చూపాలంటే ‘ద హర్ట్ లాకర్’లో (2008) ఎడారి కాల్పుల సీను ఒక్కటి చాలు. ఇరాక్‌లో బాంబులు తీసే అమెరికా సైనికుల కథ అది. టీమ్ లీడర్ జేమ్స్ దుడుకు మనిషి, బాంబ్ డిస్పోజల్ టీమ్ అతనిలా పనిచేస్తే మనుషులు మిగలరు. ఆ సీనులో మాత్రం మారిపోతాడు. తూటాలకి నెత్తురంటి రైఫిల్ జామ్ అవుతుంది, టీమ్‌లో కుర్రాడు ఎల్‌డ్రిడ్జ్ వణికిపోతుంటాడు. జేమ్స్ అరవడు. తూటాల్ని ఉమ్మితో తుడవమంటాడు, ఊపిరి తీసుకోమంటాడు. ఒకసారికి ఒక్క చిన్న పని. బెదిరిన బుర్రకి అంతకంటే పెద్ద ఆదేశం ఎక్కదు.

దాంతోపాటు డాక్టర్ కేంబ్రిడ్జ్ సీన్లూ వెయ్యండి. మంచి మనసుతో వచ్చిన కౌన్సెలర్ ఫీల్డ్‌లో చనిపోతే ఎల్‌డ్రిడ్జ్‌కి ఎంత బరువు పెరిగిందో చూస్తారు.

గట్టుమనిషి:
సినిమా ఎంపిక కన్నా గది సర్దుకోవడం ముఖ్యమండీ. మునగడం, కాలడం, పేలుడు ఉన్న సీన్లేవో ముందే చెప్పండి. లైట్లు పూర్తిగా ఆర్పొద్దు, సౌండ్ తగ్గించండి. ఎవరైనా లేచి వెళ్తే అందరి ముందూ కారణం అడగొద్దు, తర్వాత ఒకరే వెళ్లి పలకరించాలి. మార్కులు వేసే ఇన్‌స్ట్రక్టర్ చర్చ నడిపితే ఎవరూ నిజం చెప్పరు.

ప్రశ్నలు పాత్ర గురించే ఉండాలి. ‘మీకేం జరిగిందో చెప్పండి’ అని వరసగా అందర్నీ మాట్లాడించడం ఎక్కువమంది చేసే పొరపాటు. ఒక్క సిట్టింగ్ డీబ్రీఫింగ్ (జరిగిందంతా తవ్వి చెప్పించడం) పీటీఎస్‌డీని (ఘోరం చూశాక వదలకుండా వెంటాడే మానసిక రుగ్మతని) ఆపదు, కొందరికి హాని కూడా చెయ్యొచ్చు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ దాన్ని వద్దనే అంటుంది.

సినిమాలు దాటేసే సంగతి మీరే చెప్పాలి. లక్షణాలు నెల దాటాకే పీటీఎస్‌డీ అంటారు. మూడు రోజుల నుంచి నెల లోపైతే అక్యూట్ స్ట్రెస్ డిజార్డర్ (తొలి రోజుల తీవ్ర ఒత్తిడి రుగ్మత). పీటీఎస్‌డీకి చికిత్స ఉంది: ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ (భయపెట్టే జ్ఞాపకాన్ని థెరపిస్టు దగ్గర కొద్దికొద్దిగా ఎదుర్కొనే పద్ధతి) అయితే మామూలుగా 8 నుంచి 15 సిట్టింగులు, ఒక్కొక్కటి గంటన్నర దాకా. తెర మీద అది చూపించరు, బార్‌లో తాగి మరిచిపోయే సీను చూపిస్తారు.

తెరచాటు:
థాంక్సండీ. ‘ఓన్లీ ద బ్రేవ్’ (2017) కూడా వెయ్యొచ్చా?

మూడోరీలు:
కార్చిచ్చు ఆర్పే దళం కథ అది, గురుశిష్యుల బంధం అందులోనే బాగా కుదిరింది. కానీ అది నిజంగా జరిగింది: 2013 జూన్ 30న అరిజోనాలోని యార్నెల్ హిల్ కార్చిచ్చులో ఆ దళంలోని 19 మంది పోయారు, లుకౌట్‌గా (మంట కదలిక కనిపెట్టేవాడిగా) దూరంగా ఉన్న ఒక్కరే మిగిలారు. కొత్త బ్యాచ్‌కి మొదటి సినిమాగా వద్దు. వేస్తే చర్చ మర్నాడు పెట్టుకోండి.