అప్‌డేట్: పాప కాలేయంలోని గడ్డ నీటితిత్తి కాదని తేలింది

8 ఏళ్ల మా పాప కాలేయంలో 12 సెంటీమీటర్ల గడ్డ అల్ట్రాసౌండ్‌లో గట్టిగానూ, సీటీలో నీటితిత్తిలాగానూ కనిపిస్తోందని, ఏది నమ్మాలని గత నెల అడిగాను. మాకు గొర్రెలున్నాయని విని మొదటి డాక్టరు హైడాటిడ్ తిత్తి (కుక్కలు, గొర్రెల మధ్య తిరిగే ఒక బద్దెపురుగు వల్ల వచ్చే నీటితిత్తి) అనుకొని ఆల్బెండజోల్ అనే పురుగుల మందు రాశారు. 3 వారాలు అలాగే గడిచిపోయాయి.

హైడాటిడ్ రక్తపరీక్ష నెగటివ్ వచ్చాక చేసిన బయాప్సీలో అది అన్‌డిఫరెన్షియేటెడ్ ఎంబ్రయోనల్ సార్కోమా అని తేలింది. ఎక్కువగా 6 నుంచి 10 ఏళ్ల పిల్లల్లో కనిపించే అరుదైన క్యాన్సర్ ఇది. గడ్డలోని జిగురు పదార్థం నీటిని పట్టి ఉంచడం వల్ల సీటీలో నీరులా కనిపిస్తుందనీ, అల్ట్రాసౌండ్ మాత్రం దాన్ని ఘనంగానే చూపుతుందనీ, ఆ రెండు రిపోర్టులకు పొంతన కుదరకపోవడమే ఈ జబ్బును అనుమానించడానికి మంచి ఆధారమనీ ఇప్పటి డాక్టరుగారు వివరించారు. రక్తంలో చూసే ఏఎఫ్‌పీ అనే ప్రొటీన్ మామూలుగా ఉందని నేను అనవసరంగా ఊరట చెందాను. పిల్లల్లో వచ్చే మరో కాలేయ క్యాన్సర్ హెపటోబ్లాస్టోమాలో సాధారణంగా బాగా పెరిగే ఆ ప్రొటీన్ ఇందులో పెరగదట.

బయాప్సీ ముక్కను పరీక్షించిన పాథాలజిస్టు నన్ను దాన్ని మైక్రోస్కోపులో చూడనిచ్చారు. పీఏఎస్ అనే పరీక్ష రంగు పట్టిన ముదురు గులాబీ గోళికలు, కణాల లోపలా బయటా, తెగిన దండలోని పూసల్లా చెదిరి ఉన్నాయి.

సూదితో నీరు తీయించవద్దని వారించినవారికి కృతజ్ఞతలు. కీమో సోమవారం మొదలైంది. గడ్డ కొంత కుదించాక ఆపరేషన్ చేస్తామన్నారు.